నాల్ తాత ఆకురాయి

నేను నాలుగో తరగతి దాకానే చదివాను. ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. మనవరాలి నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో రాస్తున్నాను. ఒత్తులు ఎక్కడన్నా తప్పిపోతే దిద్దుకుని చదవండి.

పోయిన నెలలో ఒక డాక్టరమ్మ నన్ను ఒక మాట అడిగింది. నేను జవాబు చెప్పాను. అది అబద్ధం. అప్పటినుంచి పని చేస్తూ చేస్తూ చేయి ఆగిపోతున్నది. అందుకని రాస్తున్నాను.

జనగామ బయట ఫంక్షన్ హాళ్లు వరుసగా ఉన్న రోడ్డు మీద, పెళ్లిళ్లకు బగ్గీలు కిరాయికిచ్చే అతని దగ్గర నేను గడ్డి కోస్తాను. మూడు గుర్రాలున్నాయి. వాటి మేత, నీళ్లు, లద్ది ఎత్తడం అంతా నా పనే. ఏడాదికోసారి డాక్టరమ్మ వచ్చి వాటి పళ్లు చూసిపోతుంది. చిన్న వయసు పిల్ల. గుర్రం నోరు మూసుకోకుండా ఒక ఇనుప చట్రం పెట్టి, మోచేతి దాకా చేయి లోపల పెడుతుంది. గుర్రం పళ్లు మనిషి పళ్లలాగా ఆగవట, బతికినన్ని రోజులూ పైకి వస్తూనే ఉంటాయట. నమిలేకొద్దీ అరుగుతాయి. అన్ని పక్కలా ఒక్కలాగా అరగకపోతే దవడ పళ్ల అంచులు కత్తుల్లాగా లేచి బుగ్గల్ని కోస్తాయి. పొడుగు ఆకురాయితో ఆ అంచులు రాకి నున్నగా చేస్తే సరిపోతుంది.

"గుర్రాలకు గూడ పండ్ల డాక్టరా అని మా దోస్తులు నవ్వుతున్నరు మేడం," అన్నాడు బగ్గీల అతను.

"వాళ్లకు పన్ను నొప్పి లేచిన రోజు ఫోన్ చేసి నవ్వమనండి," అన్నది డాక్టరమ్మ. నా వైపు తిరిగి అడిగింది. "ఏమ్మా, వీటిల్లో ఏదన్నా గడ్డి నమిలి నమిలి మింగకుండా ఉండలుగా కింద పడేస్తుందా?"

"చెవి చీలినది ఏస్తున్నది మేడం. నాలుగు దినాలాయె. ఉండల జర నెత్తురు గూడ ఉంటున్నది."

నేను ఆ ఉండలు పారేయలేదు. రేకు డబ్బాలో పెట్టి ఉంచాను. తెచ్చి చూపించాను. ఆమె మెచ్చుకున్నది. చెవి చీలిన దాని నోట్లో ఆకురాయి పెట్టి గర్ గర్మని రాకింది. పది నిమిషాలు. తెల్లటి పొడి రాలింది. పన్ను అరిగినప్పుడు ఒక వాసన వస్తుంది, వెంట్రుక కాలినట్టు, కొమ్ము కాలినట్టు. ఆ వాసన రాగానే పోయి గడ్డి మోపు మీద కూర్చున్నాను.

ఆ వాసన నాకు మా ఇంటి వాకిట్లో తెలిసింది. నా పాలపళ్లు ఊడే వయసు అప్పుడు.

మా ఇల్లు రైలు స్టేషన్ వెనక ఉండేది. బాపు జట్కా నడిపేవాడు. మా గుర్రం ఆడది, బెల్లం రంగు, నుదుటి మీద రూపాయంత తెల్ల మచ్చ. దాని కొట్టానికీ మా ఇంటికీ మధ్య ఒక తడక అడ్డం, అంతే. అది రాత్రిళ్లు తోక కొట్టుకుంటే నాకు వినపడేది. పొద్దున్నే లేచేసరికి ఉలవలు ఉడుకుతున్న వాసన. ఉడికిన ఉలవలు గుర్రానికి, వంచిన నీళ్లు మాకు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ నీళ్లలో చింతపండు పిసికి, ఎల్లిపాయ తాలింపు పెట్టి చారు చేసేది. జొన్న గటకలో ఆ చారు పోసుకుని తినేవాళ్లం. గుర్రం గంప నుంచి నేను ఉలవలు గుప్పెడు దొంగిలించి జేబులో పోసుకునేదాన్ని. బడిలో ఒక్కొక్కటే నమిలేదాన్ని. ఊడిపోయిన పన్ను సందులో ఉలవ ఇరుక్కుంటే నాలుకతో తీయడం ఒక ఆట.

బాపు కొట్టే మనిషి. అవ్వను కొట్టేవాడు, నన్ను కొట్టేవాడు, గుర్రాన్ని కొట్టేవాడు. మా ముగ్గురిలో ఎవరిని ఎక్కువ కొట్టాడంటే చెప్పలేను. చిన్నప్పుడు చాలా ఆకలి చూశాడట. తిండి కింద పడితే ఓర్చుకునేవాడు కాదు. పళ్లెంలో మెతుకు వదిలితే గంటె విసిరేవాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా గుర్రం మేత ఉమ్మడం మొదలుపెట్టింది. జొన్న సొప్ప నోట్లో పెట్టుకుని, తల పక్కకు వంచి, మెల్లగా నమిలేది. నమిలి నమిలి నిమ్మకాయంత ఉండ చేసి కింద వదిలేసేది. బాపు మొదటిసారి చూసినప్పుడు చర్నాకోల కర్ర తిప్పి పట్టుకుని దాని మూతి మీద కొట్టాడు.

"బలిసింది దీనికి. సొప్ప ఉమ్ముతదా. నేను దీని ఈడుకు తౌడు తిన్న."

గుర్రం మూతి పైకెత్తి గోడకు ఒరిగింది. బాపు ఆ ఉండను తీసి నా దగ్గరికి వచ్చాడు. మేత వేసేది నేనే కదా.

"నువ్వేగదనే దీనికి ఏసింది. ఏం ఏసినవో నువ్వే తిను. ఎట్లుంటదో సూడు."

నా దవడలు పట్టుకుని ఆ ఉండ నోట్లో కుక్కాడు. పుల్లగా, వెచ్చగా ఉంది. ఇనుము నాకినట్టు ఒక రుచి. అది నెత్తురని నాకు అప్పుడు తెలియదు. మింగేదాకా వదల్లేదు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి చూసింది. "సాలు తియ్," అన్నది మెల్లగా. బాపు అటు తిరగగానే మళ్లీ పొయ్యి ఊదింది.

ఆ మరుసటి రోజు నుంచి నేను బాపు కంటే ముందు లేచేదాన్ని. కొట్టంలో పడ్డ ఉండలన్నీ ఏరి లంగా ఒడిలో వేసుకునేదాన్ని. మా వెనకింటి ఆమెకు ఒక మేక ఉండేది. ముండ్లకంప సందులో నుంచి ఉండలు విసిరితే అది గబగబా తినేది. పగలు కూడా బాపు స్టేషన్ నుంచి వచ్చే లోపల అదే పని. కొట్టం అద్దంలాగా ఉంచేదాన్ని.

బాపు నాలుగు రోజులు చూశాడు. ఒక్క ఉండ కనపడలేదు. ఐదో రోజు స్టేషన్ నుంచి వస్తూ నాకు బన్ను తెచ్చాడు, చక్కెర అద్దిన బన్ను. అంతకు ముందు నాకోసం ఏదీ తెచ్చినవాడు కాదు. స్టేషన్‌కు తీసుకుపోయి జట్కావాళ్లందరి ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"నా బిడ్డ చెయ్యితోని ఏస్తే గుర్రం ఒక్క పోచ ఇడువది. గీమె చెయ్యి అసొంటిది."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. తర్వాత ఉండలు ఏరేటప్పుడు భయం సగం, ఆ బన్ను సగం. గుర్రం మీద జాలి ఎంత ఉందో తెలియదు. ఉండే ఉంటుంది.

వెనకింటి ఆమె ఒకరోజు కంప మీద నుంచి అవ్వతో అన్నది. "ఏందో వదినె, నా మేక గాలి తిని బలుస్తున్నది."

"మా గుర్రం సొప్ప తిని సిక్కుతున్నది," అన్నది అవ్వ. ఇద్దరూ నవ్వుకున్నారు.

నిజంగానే చిక్కింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కొట్టంలో మేత మిగలడం లేదు, గుర్రం మాత్రం ఎండిపోతున్నది. బాపుకు అర్థం కాలేదు. దిష్టి అన్నారు. అవ్వ మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఘాటుకు అందరం దగ్గాం, గుర్రం కూడా దగ్గింది. కడుపులో పురుగులన్నారు. వెదురు గొట్టంతో వేపరసం పోశారు. నోరు తెరవాలంటేనే అది వెనక కాళ్ల మీద లేచేది. అది పొగరు అన్నాడు బాపు. కొట్టాడు.

అప్పుడు నాల్ తాతను పిలిచారు. తాత జట్కా గుర్రాలన్నిటి గిట్టలకూ ఇనుప నాల్ కొట్టేవాడు, మందు కట్టేవాడు. తోలు సంచి భుజానికి వేసుకుని, గడ్డానికి గోరింటాకు పెట్టుకుని వచ్చేవాడు. తాత గిట్టలు చెక్కుతుంటే మేం పిల్లలం ఆ చెక్కలు ఏరుకుని కుక్కలకు వేసేవాళ్లం. సంచిలో ఒక పొడుగు ఆకురాయి ఉండేది, మూరెడు, చెక్కపిడి. అంతకు ముందు ఒకసారి నా ఊగే పన్ను చూసి దాన్ని బయటికి తీశాడు.

"రా బేటీ, నీ పన్ను గూడ రాకుత. గుర్రాలకైతే పైసలు తీస్కుంట, నీకు ముఫత్."

నేను కేక వేసి పారిపోయాను. ఆ రాత్రే నా పన్ను దానంతట అదే ఊడింది.

ఆ రోజు తాత వచ్చి గుర్రం పెదవి ఎత్తి చూశాడు. పై పళ్ల వెనక అంగిలి వాచి ఉంది. ఇంకా లోపలికి చేయి పెట్టబోతే అది తల విదిలించింది. తాత మణికట్టుకు దెబ్బ తగిలింది. "పట్టుకోను ఇద్దరు మనుషులు గావాలె," అన్నాడు. బాపు మనుషుల్ని పిలుచుకురావడానికి స్టేషన్‌కు పోయాడు. అవ్వ ఇంట్లో ఉంది. వాకిట్లో తాత, నేను, గుర్రం.

తాత కూర్చుని బీడీ ముట్టించాడు. సంచి నుంచి ఆకురాయి తీసి పక్కన పెట్టుకున్నాడు. దాని పక్కన ఒక ఇనుప సలాక. కొన వంకరగా ఉంది.

"బేటీ, మేత ఏసేది నువ్వే గద. నిజం చెప్పు. సొప్ప నమిలి ఉండలు ఉమ్ముతున్నదా?"

నేను కొట్టం వైపు చూశాను. శుభ్రంగా ఉంది. ఆ పొద్దున కూడా ఏరాను. చెప్తే తాత బాపుకు చెప్తాడు. బాపు ఇన్ని రోజులు నువ్వేం చేశావని అడుగుతాడు. బన్ను గుర్తుకొచ్చింది, ఉండ రుచి కూడా గుర్తుకొచ్చింది.

"లేదు తాత. మొత్తం తింటున్నది."

"ఒక్కటి గూడ ఉమ్మలే?"

"ఒక్కటి గూడ."

తాత తల ఊపాడు. "అట్లైతే పండ్లది గాదు. పండ్లదైతే ఉండలు ఉమ్మాలె. గిది అంగిలి వాపే. కాలిస్తె దిగుతది." అంటూ ఆకురాయిని సంచిలో పెట్టేశాడు. సలాకను పొయ్యి బొగ్గుల్లో గుచ్చి రమ్మని నాకే ఇచ్చాడు.

నేనే పోయి గుచ్చాను. ఇనుము ఎర్రబడడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నాకు సమయం ఉంది. తాత వాకిట్లో బీడీ కాలుస్తూ గుర్రం నుదుటి మచ్చ మీద వేలితో గీస్తున్నాడు. నేను పోయి "ఉమ్ముతున్నది తాత" అంటే చాలు, రెండు మాటలు. బాపు మనుషులతో వచ్చాడు. అప్పటికీ చెప్పొచ్చు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఊదాను.

గుర్రం పై పెదవికి తాడు కట్టి కర్రతో మెలిపెట్టారు. ఒకడు చెవి పట్టుకున్నాడు. బాపు నాలుకను పక్కకు గుంజి పట్టుకున్నాడు. తాత బిస్మిల్లా అని సలాక లోపల పెట్టాడు. చుయ్‌మన్నది. వెంట్రుక కాలినట్టు, కొమ్ము కాలినట్టు, మాంసం కాలినట్టు వాసన. గుర్రం అరవలేదు. నాలుక బాపు చేతిలో ఉంటే ఎలా అరుస్తుంది. ముక్కులో నుంచి ఒక సన్నటి కూత వచ్చింది, రైలు చాలా దూరంలో ఉన్నప్పుడు వచ్చేటంత. నిలబడిన చోటే మూత్రం పోసింది. పట్టుకున్న మనుషుల్లో ఒకడు నవ్వాడు.

"నా పెండ్లాం నోరు గూడ గిట్లనే కాల్చాలె తాత."

బాపు కూడా నవ్వాడు. తాత నవ్వలేదు.

"మూడు దినాలు జావ పొయ్యిన్రి. తర్వాత తింటది," అన్నాడు.

మూడు రోజుల తర్వాత అది ఉండలు కూడా చేయలేదు. గడ్డిని వాసన చూసేది, కాస్త జావ తాగేది, అంతే. నాకు ఏరే పని తప్పింది. గుర్రం తినకపోయేసరికి ఉలవలు మిగిలాయి. ఆ నెల మేం ఉలవచారే కాదు, ఉలవలు కూడా కడుపు నిండా తిన్నాం. నా బుగ్గలు వచ్చాయని అవ్వ అన్నది. దసరాకు వెనకింటి ఆమె మేకను కోసి మాకు ఒక పాలు మాంసం పంపింది. బాపు మూలుగ బొక్క చప్పరిస్తూ "మంచి మేత తిన్న మేక," అన్నాడు. నేను కూడా తిన్నాను. రుచిగానే ఉంది.

పండగ అయ్యాక చిల్పూరు గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోతున్న ఒక కుటుంబం జట్కా మాట్లాడుకుంది. ఐదుగురు, ఒక బియ్యం మూట, ఒక మేకపిల్ల. అవ్వ వద్దన్నది. "అది నడుస్తదా?" అంటే బాపు "కూసుంటే నీ అయ్య పెడతడా?" అన్నాడు. మేత వేయడానికని నన్ను ముందు కర్ర మీద కూర్చోబెట్టుకున్నాడు.

పావు దూరం కూడా పోలేదు. ఒక చిన్న ఎత్తు దగ్గర గుర్రం ఆగింది. బాపు దిగి కొట్టాడు. అది రెండు అడుగులు వేసింది. మళ్లీ కొట్టాడు. ముందు కాళ్లు మడిచి, దండం పెట్టినట్టు కూలింది. జట్కా ముందుకు ఒరిగింది. బియ్యం మూట నా మీద పడింది. ఎక్కినవాళ్లు తిట్టుకుంటూ దిగి, మేకపిల్లను పట్టుకుని నడిచిపోయారు. బాపు పగ్గాలు విప్పి దాని తోక మెలిపెట్టాడు, కడుపులో తన్నాడు. లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి. ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. ఈగలు వచ్చాక తెలిసింది.

పక్క ఊరి నుంచి చర్మం తీసుకునే మనిషి వచ్చాడు. వయసు చూద్దామని దాని నోరు తెరిచాడు. చేయి లోపల పెట్టి వెంటనే తీసేశాడు. వేలు కోసుకుని నెత్తురు వస్తున్నది.

"ఏందన్నా ఇవి పండ్లా, కత్తులా? సూడు బుగ్గ. జల్లెడ అయింది."

బుగ్గలో నుంచి ఒక ఉండ తీశాడు. నల్లగా కుళ్లిపోయి ఉంది. "పాపం, ఎన్ని దినాల సందో గిట్ల నోట్ల పెట్టుకొని తిరిగింది. ఆకురాయితోని రాకితే అయిపోవు గద. మీ దిక్కు నాల్ కొట్టే ముసలాయినె ఉండె గద, సూడలేదా?"

బాపు జట్కాను అక్కడే వదిలేసి నన్ను చేయి పట్టుకుని నడిపించాడు. ఊరు చేరేదాకా చేయి వదల్లేదు. ఇంటికి పోలేదు. నేరుగా తాత ఉండే గల్లీకి పోయాడు.

తాత గడప మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. బాపు ఆ రొట్టెను తన్నాడు. సంచిని ఎత్తి వీధిలో గుమ్మరించాడు. సుత్తి, నాళ్లు, మేకులు, కత్తి మురుగు మోరీ పక్కన చెల్లాచెదురుగా పడ్డాయి. జనం చేరారు.

"పండ్లు బుగ్గల కోస్తున్నయని కానక, అంగిలి కాల్చి నా గుర్రాన్ని సంపినవ్ గద ముసలోడా. నోట్ల సెయ్యి పెట్టి సూడలే. ఉండలు ఉమ్ముతున్నదా అని ఒక్క మాటన్న అడగలే."

"అడిగిన కొడుకా," అన్నాడు తాత. మెల్లగా లేచి నా వైపు చూశాడు. "బేటీని అడిగిన. ఒక్కటి గూడ ఉమ్మలే అన్నది. చెప్పు బేటీ."

అందరూ నా వైపు తిరిగారు. బాపు చేయి నా మణికట్టు మీద ఉంది. బిగుసుకుంటున్నది.

"నన్ను అడగలేదు," అన్నాను. "తాత నన్ను అసలే అడగలేదు."

తాత నన్ను చూసిన చూపు కోపం కాదు. మూతి మీద దెబ్బ తిన్నప్పుడు మా గుర్రం గోడకు ఒరిగి చూసేది, అట్లా చూశాడు. గడ్డం తుడుచుకున్నాడు.

"అడగలేదు గావచ్చు. ముసలోన్ని అయిన. మతిల ఉంటలేదు."

బాపు అతన్ని చెంప మీద కొట్టాడు. ఎవరూ ఆపలేదు. తాత కిందికి వంగి సామాను ఏరుకోవడం మొదలుపెట్టాడు. సుత్తి దొరికింది, కత్తి దొరికింది. ఆకురాయి నా కాలి దగ్గర పడి ఉంది. నేను దాని మీద కాలు పెట్టి నిలబడ్డాను. అది కనపడితే అందరికీ నిజం తెలిసిపోతుందని అనుకున్నాను. తాత మోకాళ్ల మీద బురదలో వెతికాడు. నా లంగా అంచు దాకా వచ్చాడు. తల ఎత్తలేదు.

"ఆకురాయి యాడ పడ్డదో," అనుకుంటూ వెనక్కి పోయాడు.

ఆ తర్వాత ఒక్క జట్కావాడు కూడా తాతను పిలవలేదు. కొన్నాళ్లకు నెల్లికుదురు దిక్కు కూతురి దగ్గరికి పోయాడని విన్నాను. జట్కాలు కూడా పోయాయి, ఆటోలు వచ్చాయి. బాపు చనిపోయేదాకా ఆ ముసలోడే గుర్రాన్ని చంపాడని చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉండి విన్నాను. అవ్వకు తెలుసో తెలియదో. నా లంగా ఒడిలో నెత్తురు మరకలు ఉతికింది ఆమెనే కదా.

ఆకురాయి నా దగ్గరే ఉండిపోయింది. పెళ్లయి వచ్చేటప్పుడు బట్టల మూటలో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానంటే ఏం చెప్పను. పిడి రెండుసార్లు మారింది. దాంతోనే కొడవలి నూరుకుంటాను.

పోయిన నెల డాక్టరమ్మ పని అయ్యాక సామాను కడుక్కుంటూ గడ్డి మోపు పక్కన దాన్ని చూసింది. ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"అమ్మా, ఇది కొడవలి నూరేది కాదు. గుర్రం పళ్లకు వాడే ఆకురాయి. పాతకాలపుది. ఎవరిదమ్మా ఇది?"

తాత పేరు చెప్పడానికి నోరు తెరిచాను. తాత పేరు నాకు తెలియదు. అందరికీ నాల్ తాతనే. పేరు తెలియకపోయినా, అతనికి ఆ పని వచ్చని, ఆ రోజు అది బయటికి తీశాడని, అడిగాడని చెప్పొచ్చు. చెవి చీలిన గుర్రం నోరు కదిలిస్తూ నా వైపు చూస్తున్నది.

"అంగట్ల కొన్న మేడం," అన్నాను.

ఆమె సరేనని కింద పెట్టి, కారెక్కి పోయింది. సాయంత్రం మేతకు గడ్డి కోయాలి. కొడవలి మొండిగా ఉంది. దాంతోనే నూరుకున్నాను.